డబ్బా వెన్నలో ఏం మారింది

మా అత్త జొన్నరొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేసి, "ఇది అది గాదు" అంది.

ఏది ఏది కాదో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆదివారం పొద్దున, హిందూపురంలో మా వంటింట్లో నేను పెనం మీద రెండో రొట్టె కాలుస్తున్నాను. ఆమె ముందు పళ్లెంలో రొట్టె, వెల్లుల్లి కారం, పక్కన మూత తీసిన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. డబ్బాలో ఉన్నది క్రీమ్ చీజ్. మా ఇంట్లో దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. మూడేళ్ల క్రితం మా అమ్మాయి బెంగళూరు హాస్టల్ నుంచి మొదటిసారి తెచ్చినప్పుడు, అత్త వేలితో తీసి చూసి, ఇది డబ్బాలో పెట్టిన వెన్న అని తేల్చేసింది. అప్పటినుంచి అది డబ్బా వెన్న. పళ్లు పోయి కట్టుడు పళ్లు వచ్చాక ఆమెకు రొట్టె దిగడం కష్టమైంది. ఇది పూస్తే మెత్తగా దిగేది. పుల్లగా, ఉప్పగా ఉండి వెల్లుల్లి కారానికి భలే కుదిరేది కూడా. నెలకు రెండు డబ్బాలు అయ్యేవి.

"ఏది కాదు అత్తా?"

"ఈ డబ్బా వెన్న. ముందుటిది గాదు ఇది. ఇసకిసక ఉండాది. నీళ్లు ఇడిసింది చూడు. రుచి గూడా సప్పగుండాది. మార్చేసినారు వాళ్లు."

నేను స్టవ్ తగ్గించి వచ్చి చూశాను. నిజంగానే అంచుల వెంట పల్చటి నీళ్లు చేరాయి. వేలితో తీస్తే పూతలా రాలేదు, విరిగిన పాల ముద్దలా పొడిపొడిగా వచ్చింది. నాలుక మీద పెట్టుకున్నాను. రవ్వగా ఉన్నమాట నిజమే. రుచి మాత్రం నాకు ఎప్పటిలాగే ఉంది. అదే పులుపు, అదే ఉప్పు. కానీ ఆ ముక్క పైకి అనడానికి నాకు ధైర్యం చాలలేదు. మా అత్త రుచి తేడా అన్నాక, ఇరవై రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా కాదని నెగ్గలేదు.

ఆమె నాలుక గురించి చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ అర్థం కాదు. ధర్మవరం అంటే అందరికీ పట్టుచీరలు. ఆ ఊళ్లో మా అత్తది వెన్న వ్యాపారం. కనగానపల్లి వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు పొద్దున్నే మొదటి బస్సుకు మజ్జిగ నీళ్లలో తేలే వెన్నముద్దలను కుండల్లో పెట్టుకొని వచ్చేవాళ్లు. ఆమె కొని, కాచి, నెయ్యి చేసి అమ్మేది. కొనేముందు పరీక్ష ఉండేది. చూపుడువేలు ముద్ద నడుమ దాకా గుచ్చి, లోపలి వెన్న రవ్వంత తీసి, ఎడమచేతి వెనకవైపు పూసి బొటనవేలితో రుద్దేది. ఎంతసేపట్లో కరిగింది, రవ్వ తగిలిందా, తడి ఎంత అని చూసేది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆఖర్న నాకేది. వెన్న వయసు చేతికి తెలుస్తుంది, మిగతాదంతా నాలుకకు తెలుస్తుంది అని ఆమె లెక్క. నాకాక చెప్పిందే ధర.

"లోపల నాలుగు దినాలది పెట్టి పైన నిన్నటిది మెత్తినావు గదమ్మా" అని ఆమె ఒకామెను పట్టుకోవడం నేను పెళ్లయిన కొత్తలో చూశాను. ఆ అమ్మ దొరికిపోయినందుకు సిగ్గుపడకపోగా, "నీకెట్ల తెలుస్తాదో నాకు తెలీదు పెద్దమ్మా" అని పక్కవాళ్లతో కలిసి నవ్వింది.

పెనుకొండ నుంచి వచ్చిన కొత్త కోడలిని నేను. సైన్సు చదివాను, వంట అంతంత మాత్రం. మొదటి రోజు పెట్టిన చారు ఆమె అరచేతిలో రెండు చుక్కలు వేసుకొని చప్పరించింది. "మిరియాలు సరిపోయినాయి. జీలకర్ర మాడింది" అంది. అంతే. ఆ తర్వాత ఇరవై రెండేళ్లూ అదే వరస. తిట్టేది కాదు, సాధించేది కాదు, ఏం తప్పో మాత్రం కచ్చితంగా చెప్పేది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టుకునేదాన్ని. నాకు కోపం తొందరగా వస్తుంది. ఒకసారి చారు గిన్నె ఎత్తి తొట్టిలో కుమ్మరించాను కూడా. "ఇంగువ పాతదైపోయింది, దాన్ని పారెయ్, చారునెందుకు పారేస్తివి?" అని అడిగింది ఆమె. బాగుంది అన్న మాట ఆ నోటినుంచి నా వంటకు ఎన్నడూ రాలేదు.

మామ పోయాక ధర్మవరం ఇల్లు వదిలి అందరం హిందూపురం వచ్చేశాం. ధర్మవరంలో నెయ్యి అంగడి ఇప్పుడు మా ఆడబిడ్డ చూసుకుంటోంది. అయినా నెలకొకసారి, మొదటి ఆదివారం, అత్త అక్కడికి వెళ్లి రావాల్సిందే. కొత్తగా వెన్న పోసే వాళ్లు ఎవరు వచ్చినా ఆమె నాకి చెప్పేదాకా ఖాయం చేయరు. ఆ రోజు ఆమె కట్టుకునే చీర వేరు, నడిచే తీరు వేరు. ఆ ఒక్క రోజు కోసమే మిగతా నెలంతా నడుం నొప్పిని తిట్టుకుంటూ గడిపేదని నాకు అనిపించేది.

ఈ వానాకాలం ఆమెకు పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక మనిషి సగమైంది, నీరసంతో ధర్మవరం ప్రయాణాలు కూడా ఆగిపోయాయి. కానీ నా వరకు ఆ జ్వరం ఏదో మేలు చేసినట్టే అనిపించింది. ఏది పెట్టినా "బాగుండాది మే" అనడం మొదలుపెట్టింది. మొదటిసారి విన్నప్పుడు నేను గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయాను. పెనుకొండలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి, ఇరవై రెండేళ్లకు పాసయ్యానమ్మా అని చెప్పాను. మా అమ్మ నాకన్నా ఎక్కువ సంబరపడింది. నాలుగు నెలలుగా నేను వంటింట్లో కూనిరాగాలు తీస్తూ వండుతున్నాను.

మళ్లీ డబ్బా వెన్న దగ్గరికి వస్తాను. ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన కూడా రెండు చెంచాలు తిని చూశాడు. ఆయన రాళ్లు పెట్టినా నమిలి తినే రకం. "అంతా ముందులానే ఉండాది. జొరమొచ్చినాక అమ్మ నాలుకే పోయిందేమో" అన్నాడు నాతో, నవ్వుతూ. ఆమె నడవాలో కూర్చొని చెనక్కాయలు ఒలుస్తోంది. వినబడింది.

సాయంత్రం దాకా ఆ చెనక్కాయలే ఒలుస్తూ కూర్చుంది. దీపం పెట్టే వేళకు నా పక్కకు వచ్చి నిలబడి, చిన్న గొంతుతో అంది, "నా నాలుక పోయిందని వాడంటాండాడు. ఈ మాట ధర్మవరం చేరితే నన్నెవరు పిలుస్తారు మే? నేను యాడికి పోవాల?"

ఆమె నన్ను సాయం అడిగినట్టు అడగడం అదే మొదలు. నేనది తేల్చాలని అనుకున్నాను. మారింది డబ్బా వెన్నా, ఆమె నాలుకా? జ్వరం తర్వాత మొదటిసారి ఆమె ధర్మవరం వెళ్లడానికి రెండు వారాలుంది.

మా ఇంట్లో డబ్బా వెన్న ఖాళీ డబ్బాలు ఎప్పుడూ బయటపడవు. ఆవాలు ఒకదాంట్లో, మెంతులు ఒకదాంట్లో, జీలకర్ర ఇంకోదాంట్లో ఉంటాయి. మొదటి ఏడాది తెచ్చిన డబ్బా జీలకర్రది. దాన్ని పేపర్ మీద బోర్లించి, కళ్లద్దాలు పెట్టుకొని, కొత్త డబ్బా పక్కన పెట్టి చిన్న అక్షరాలు చదివాను. పాల మీగడ, పాలు, ఉప్పు, పులియబెట్టే కల్చర్, గట్టిపడడానికి ఏదో జిగురు. రెండింటి మీదా అవే ఉన్నాయి, అదే వరసలో. డబ్బా మీది బొమ్మలో ఆకు మాత్రం ముందు ఒకటుండేది, ఇప్పుడు రెండయ్యాయి. ఆకు ఎక్కువైతే వెన్న రవ్వ కట్టదు కదా.

మరుసటి రోజు అంగడాయన్ని అడిగాను. హిందూపురంలో ఈ డబ్బాలు పెట్టే అంగళ్లు రెండో మూడో ఉంటాయి. ఆయన ఫ్రిజ్ తెరిచి చూపించాడు. "యా కంప్లేంటూ రాలేదు మేడం. ఐనా దీన్ని కొనేది మీరూ, ఇంకో ఇద్దరూ. వాళ్లు బ్రెడ్డుకు పూసుకుంటారు. మీరు దేనికి పూసుకుంటారో ఏమో" అన్నాడు. జొన్నరొట్టెకు అని చెప్పాను. ఆయన నావైపు కొత్తగా చూశాడు.

నేను పెనుకొండ హైస్కూల్లో సైన్సు చెప్తాను. రోజూ హిందూపురం నుంచి బస్సులో వెళ్లి వస్తాను. కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటినుంచి పెనుకొండ అంగళ్ల అలమరలు మారిపోయాయి. కొరియా వాళ్ల నూడుల్సు, సముద్రపు నాచు, రకరకాల చీజులు అన్నీ దొరుకుతున్నాయి. నేను చదువుకున్న రోజుల్లో ఇదే వీధిలో బన్ను కావాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చేది. బడి వదిలాక బస్టాండు దగ్గరి బేకరీలో అదే కంపెనీ డబ్బా ఒకటి కొన్నాను. ఇంటిదాకా ఆగే ఓపిక లేదు. ఒక బిస్కెట్ పొట్లం కూడా తీసుకొని, అక్కడే బల్ల మీద కూర్చొని మూత తీశాను.

నున్నగా ఉంది. బిస్కెట్‌తో గీరితే గీత పడి అలాగే నిలిచింది. ఒక్క చుక్క నీరు లేదు.

అయితే రెండు రకాలు తయారు చేస్తున్నారేమో, ఫ్యాక్టరీ ఉన్న ఊరికి మంచిది, మాకు నాసిది పంపుతున్నారేమో అనుకున్నాను. హిందూపురం తరఫున కోపం కూడా వచ్చింది. అంగడాయనకు చూపించడానికి తీసిన మా ఇంటి డబ్బా మూత ఫోటో నా ఫోన్లో ఉంది. తీసి, మూత మీది బ్యాచ్ నంబరు పోల్చి చూశాను. రెండూ ఒకటే. ఒకే రోజు, ఒకే తొట్టెలో చేసిన వెన్న. ఒకటి నున్నగా ఉంది, ఒకటి రవ్వ కట్టింది.

బస్సెక్కాక కూడా అదే ఆలోచన. కంపెనీ ఒకటే, తొట్టె ఒకటే. హిందూపురం అంగట్లో ఫ్రిజ్ నేను కళ్లారా చూశాను, బాగానే చల్లగా ఉంది. ఇక మిగిలింది మా ఇల్లే. సోమందేపల్లి దగ్గర బస్సు ఆగింది. ఎక్కినామె చేతిలో సంచీ నుంచి నీళ్లు కారుతున్నాయి. చెరుకురసం అంగడికి ఐసు తీసుకెళ్తోందట. ఆ ఐసు చూశాక గుర్తొచ్చింది. పక్కన కూర్చున్నాయన ఉలిక్కిపడేలా తల కొట్టుకున్నాను.

మాది వెన్న వాళ్ల ఇల్లు. వెన్నను ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోట పెట్టాలన్నది అందరికీ రక్తంలో ఉంది. ధర్మవరంలో ఒకప్పుడు తడి ఇసుకలో దించిన కుండ ఉండేది. ఫ్రిజ్ వచ్చాక ఆ గౌరవం పై అరకు, అంటే ఐసు గడ్డకట్టే అరకు దక్కింది. నేను డబ్బా వెన్న ఒక్కోటే కొన్నంతకాలం అది కింద అరలో ఉండి రెండు వారాల్లో అయిపోయేది. ఈ మధ్యే మాటిమాటికీ అంగడికి వెళ్లలేక రెండేసి కొంటున్నాను. రెండోదాన్ని ఎవరూ చెప్పకుండానే, వెన్న కదా అని, పై అరలోకి తోస్తున్నాను. అది రాయిలా గడ్డకట్టి, తర్వాత కిందికి వచ్చి కరుగుతోంది. వెన్నలో కొవ్వు ఎక్కువ, దానికేమీ కాదు. దీంట్లో సగానికి పైగా నీరు. నీరు గడ్డకడితే ఉబ్బి, చుట్టూ ఉన్న నున్నటి అల్లికనంతా చీల్చేస్తుంది. కరిగాక నీళ్లు నీళ్లే, పిండి పిండే. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుందని ఏటా ఎనిమిదో తరగతికి గాజుసీసా పగలగొట్టి మరీ చూపించేది నేనే.

ఇంటికి రాగానే అత్తకు అంతా చెప్పి, పెనుకొండ డబ్బా ముందు పెట్టాను. ఆమె వేలితో తీసి, ఎడమచేతి వెనక పూసి రుద్దింది. మొహం వెలిగిపోయింది.

"ఇదే! ఇదే మే ముందుటిది. అంటే తప్పు నాది గాదు."

"నీది కాదత్తా, నాది."

"సదువుకున్నదానివి, వెన్నకూ దీనికీ తేడా తెలీకుండా ఐసులో పెడితివా?" అంది. ఆ తిట్టు నాకు దీవెనలా ఉంది. మా ఆయన్ని కేకేసి పిలిచి, "ఇప్పుడు చెప్పప్పా, ఎవరి నాలుక పోయింది?" అని అడిగింది. ఆయన చెవులు పట్టుకున్నాడు. అందరం నవ్వుకున్నాం.

తర్వాత ఆమె రొట్టె ముక్కకు మందంగా పూసుకొని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు నమిలింది. కళ్లు తెరిచినప్పుడు ఇందాకటి వెలుగు లేదు. "ఊఁ. బాగుండాది. రుచి మాత్రం ఇంకా రవ్వంత సప్పనే" అని లేచి వెళ్లిపోయింది.

అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేదేమో. మా ఆయన అదే అన్నాడు. కానీ నేను ఏదైనా మొదలుపెడితే తిక్కగా చివరిదాకా వెళ్తాను. గడ్డకడితే రవ్వ కడుతుంది, నీళ్లు విడుస్తుంది. ఉప్పు ఎక్కడికి పోతుంది? పోదు. అయినా గడ్డకట్టని డబ్బా కూడా ఆమెకు చప్పగానే ఉందంటే, రెండో ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదన్నమాట.

ఆదివారం మధ్యాహ్నం మూడు సాసర్లు పెట్టాను. ఒకదాంట్లో పెనుకొండ డబ్బాది. రెండోదాంట్లో గడ్డకట్టి కరిగినది. మూడోదాంట్లో కూడా పెనుకొండదే, కానీ మెత్తటి ఉప్పు చెంచా నిండా వేసి కరిగేదాకా పిసికి పెట్టాను. నేను వేలి కొనతో చూస్తేనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పరీక్షా?" అంది అత్త. ఆమెకు ఉషారొచ్చింది. ధర్మవరంలో కూర్చున్నట్టు పీట లాక్కొని కూర్చుంది. మొదటిది తీసి చేతి వెనక రుద్దింది. "ఇది మంచిది." రెండోది. "ఇది నీ ఐసుది." మూడోది తీసి రుద్ది, ఇంకోసారి రుద్ది, "ఇదీ మంచిదే, మొదటిదే. రవ్వంత తడి ఎక్కువ. నువ్వు శానాసేపు పిసికినట్లుండావు" అంది. నేను ఆశ్చర్యపోయాను. ఉప్పు నీళ్లు లాగిందని ఆ చెయ్యి కనిపెట్టేసింది.

"ఇప్పుడు రుచి చెప్పత్తా."

అన్నీ చేతితోనే చెప్పేసింది కదా, మళ్లీ ఎందుకని ఆమె అనొచ్చు. అనలేదు. మూడో సాసరులోంచి పెద్ద ముద్దే తీసి నోట్లో పెట్టుకుంది. నేను ఆమె మొహం చూస్తున్నాను. నుదురు ముడిపడలేదు. పెదవి వంకర పోలేదు. నెమ్మదిగా చప్పరించి మింగింది.

"బాగుండాది మే" అంది.

నా వంటకు నాలుగు నెలలుగా చెప్తున్న మాటే, అదే గొంతుతో.

 నా మొహం ఆమె చదివేసింది. ఎన్ని వందల మంది వెన్న అమ్మేవాళ్ల మొహాలు చదివిందో. "ఉప్పేసినావా?" అని అడిగింది.

"వేశానత్తా."

"శానా?"

"చెంచాడు."

ఆమె సాసరు వైపు చూసింది. "నోట్లో ఏదో సురసురమనింది. అంతే" అంది. తర్వాత నేనడక్కుండానే చెప్పుకొచ్చింది. "జొరం తగ్గినాక ఒక పొద్దున కాఫీ తాగితి. వేడి తెలిసింది, కాఫీ తెలీలేదు. రేపటికి వస్తాదిలే అనుకొంటి. ఏది తిన్నా గుడ్డపేలిక నమిలినట్లే ఉండాది. వాసనా లేదు. ఆ డబ్బా వెన్న ఇసకిసక తగిలినప్పుడు, దీని తప్పే అయ్యుండాల, నాది గాదు అని ఆశపడితి. నువ్వు పెనుకొండ నుంచి కొత్తది తెస్తివి గదా, నున్నగా ఉండాది, ఇంక రుచి వస్తాదనుకొంటి. నోట్లో పెట్టుకొంటి. రాలే."

నేను పీట పక్కన నేల మీద కూర్చుండిపోయాను. నాకు జాలి వేసిందని రాయాలి. జాలి వేసింది. కానీ దానికన్నా ముందు కోపం వచ్చింది, ఆ సంగతి దాచడం ఎందుకు. ఇరవై రెండేళ్లు ఎదురు చూసిన మాట, మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్న మాట ఉత్తిదన్నమాట.

"మరి నా చారు బాగుంది, పప్పు బాగుంది అని ఎందుకన్నావత్తా? నేనెంత సంబరపడ్డానో తెలుసా నీకు?"

ఆమె నావైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "బాగలేదంటే, ఏం బాగలేదో చెప్పాల గదా మే. నాకేం తెలుస్తాదని చెప్పేది?"

 ఇన్నేళ్లూ ఆమె నా వంటకు పెట్టిన వంకలన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. జీలకర్ర మాడింది, ఇంగువ పాతది, చింతపండు పులుపు చాలలేదు. వాటిలో ఒక్కటి కూడా ఉత్త మాట కాదు. రోజూ అంత శ్రద్ధగా నా వంట తిన్న మనిషి ఇంకెవరూ లేరు. మా ఆయన తినలేదు, పిల్ల తినలేదు, నేను కూడా తినలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, చూద్దాం అన్నాడు. ధర్మవరం ప్రయాణం మానుకుందామంటే ఆమె ఒప్పుకోలేదు. మానితే ఎందుకు మానిందని అడుగుతారట. అందుకని ఇద్దరం ఒక ఎత్తు వేశాం. ఆమె ఎప్పటిలాగే చేతి మీద రుద్ది, వాసన చూసినట్టు చూసి, నాకినట్టు నాకుతుంది. నేనూ పక్కన ఊరికే చూస్తున్నట్టు రవ్వంత నోట్లో వేసుకుంటాను. వెన్న చెడిపోయి ఉంటే దగ్గుతాను. బాగుంటే దగ్గను. మిగతాది ఆమె చూసుకుంటుంది.

రైల్లో హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఆమె నాకు పాఠం చెప్పింది. ఒక చిన్న డబ్బాలో డబ్బా వెన్న పెట్టుకొని వచ్చింది. "తిను. పుల్లగుండాదా? ఎట్లా పులుపు? మజ్జిగ పులుపా, చింతకాయ పులుపా, నిమ్మ పులుపా?" నేను మూడేళ్లుగా తింటున్న వస్తువు. పుల్లగా ఉంటుందని తప్ప ఇంకేమీ ఎప్పుడూ పట్టించుకోలేదు. "మజ్జిగదే" అన్నాను. "ముందు తెలుస్తాదా, మింగినాక తెలుస్తాదా?" మళ్లీ తిన్నాను. మింగాక తెలుస్తోంది. ముందు తెలిసేది ఉప్పు. ఎదుటి సీటులో వాళ్లు మమ్మల్ని వింతగా చూస్తున్నారు. పెనుకొండ దాటేసరికి డబ్బా ఖాళీ అయ్యింది. 

అంగట్లో మా ఆడబిడ్డ పీట వేసి సిద్ధంగా ఉంది. కనగానపల్లి వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒకామె కుండ దించి, కొంగుతో మొహం తుడుచుకొని నిలబడింది. ఇంకో నలుగురు ఆడవాళ్లు తమ వంతు కోసం గోడవారగా ఉన్నారు. అత్త కూర్చొని వేలు ముద్ద నడుమకు గుచ్చింది. తీసింది. చేతి వెనక పూసి రుద్దింది. నేను దగ్గడానికి సిద్ధంగా గొంతు సవరించుకున్నాను.

ఆమె చేతిని ముక్కు దాకా ఎత్తింది. ఆగింది. చెయ్యి దించేసింది.

"ఏం మా, బాగలేదా?" అని మా ఆడబిడ్డ అడిగింది.

"నాకు తెలీదు మ్మా" అంది అత్త. "జొరమొచ్చినప్పట్నుంచి నాకు రుచీ లేదు, వాసనా లేదు. ఈయమ్మ కష్టపడి చిలికి తెచ్చింది. తెలీకుండా నేనెట్ల చెప్పేది?"

 మా ఆడబిడ్డ నావైపు చూసింది, నిజమా అన్నట్టు. నా ఎత్తు అక్కడే పోయింది, నా దగ్గు గొంతులోనే ఉండిపోయింది. ఆమె ఇప్పుడు లేచి వచ్చేస్తుందనీ, హిందూపురం రైలెక్కి ఇక ఎన్నడూ ఈ చీర కట్టదనీ అనుకున్నాను. 

ఆమె లేవలేదు. వెన్న పూసిన ఎడమచేతిని నా మొహం ముందుకు చాచింది.

"చెయ్యి చెప్పేది నేను చెప్తా. రెండు దినాలది, లోపలా బయటా ఒకటే, మోసం లేదు. మిగతాది ఈమె చెప్తాది. నాకి చూడు మే."

పీట పక్కన కూర్చొని, అందరూ చూస్తుండగా, ఆమె చేతి వెనక నాకాను. ముడతలు పడిన చర్మం, దాని మీద వెన్న. 

"పులుపు మజ్జిగదే అత్తా. ఎక్కువ లేదు" అన్నాను. అందరూ ఇంకేదో ఉందన్నట్టు చూస్తున్నారు. ఇంకా ఏదో ఉంది. కళ్లు మూసుకున్నాను. "మింగాక కొంచెం పొగ తెలుస్తోంది."

గోడవారనున్న ఆడవాళ్లలో కదలిక వచ్చింది. అత్త కళ్లు చిట్లించి నన్ను చూసింది.

"ఏం పొగ? పిడకలదా, కట్టెలదా?"

"తెలియడం లేదత్తా."

"తెలీకపోతే ఎట్ల? పిడకలదైతే నెయ్యి కాస్తే పోతాది, కట్టెలదైతే పోదు" అని, ముద్దలోంచి ఇంకొంచెం తీసి చేతి వెనక పూసుకొని, మళ్లీ నా నోటి ముందు పెట్టింది.